పిల్లల మలబద్ధకం: అసలు కారణం ఎక్కడుంటుందో మీకు తెలుసా?

• నెలల తరబడి మలబద్ధకంతో బాధపడే పిల్లల్లో నూటికి 90 నుంచి 95 మందికి పేగుల్లో ఏ జబ్బూ ఉండదు. రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ మామూలుగానే వస్తాయి. అయినా బిడ్డ పడే బాధ నిజమే. ఎప్పుడో జ్వరం వచ్చి, సరిగా తినక, తాగక మలం గట్టిపడి ఉంటుంది. వెళ్లేటప్పుడు మలద్వారం అంచున చిన్న చీలిక పడి మంట పుట్టి ఉంటుంది. ఆ మంట గుర్తున్న బిడ్డ మర్నాడు బిగబడుతుంది. లోపల ఆగిన మలంలోని నీటిని పెద్దపేగు పీలుస్తూనే ఉంటుంది కాబట్టి అది ఇంకా గట్టిపడుతుంది, ఇంకా లావవుతుంది, ఈసారి నొప్పి మరింత పెరుగుతుంది. వైద్యులు దీన్ని ఫంక్షనల్ కాన్‌స్టిపేషన్ అంటారు. చాలామంది పిల్లల విషయంలో కారణం వెతకడమంటే ఆ మొదటి నొప్పి ఎప్పుడు పుట్టిందో వెతకడమే.

• ముఖం ఎర్రబడి, చెమటలు పట్టి, తలుపు చాటుకో మంచం పక్కకో వెళ్లి నిలబడ్డ రెండేళ్ల పిల్లను చూసి "పాపం, ఎంత ముక్కుతోందో" అనుకుంటాం. ఒకసారి కాళ్లు చూడండి. కాళ్లు మెలిపెట్టి, మునివేళ్ల మీద లేచి, పిరుదులు బిగించి ఉందంటే ఆ పిల్ల వస్తున్నదాన్ని ఆపుకుంటోంది. ఈ రెండింటికీ తేడా తెలిస్తే కారణం సగం దొరికినట్టే. అలాంటప్పుడు ఫోన్‌లో చిన్న వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే చాలా ఉపయోగం.

• చెడ్డీకి రోజూ నాలుగైదుసార్లు కాస్త కాస్త మలం అంటుకుంటోందంటే అవి విరేచనాలే కానక్కర్లేదు. పురీషనాళంలో గట్టి ముద్ద అడ్డుపడినప్పుడు పైనుంచి వచ్చే పలచటి మలం దాని పక్కలనుంచి జారిపోతుంది. విరేచనాలు కట్టే మందు వేస్తే లోపలి ముద్ద మరింత బిగుస్తుంది. నెలల తరబడి సాగి ఉన్న పురీషనాళం నిండినా ఆ కబురు మెదడుకు సరిగా చేరదు. అందుకే ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి కూడా చెడ్డీ పాడైన సంగతి తెలియదు. "ఇంత పెద్దవాడివయ్యావు, సిగ్గు లేదా?" అనే మాట మన ఇళ్లలో వినిపించేది ఇక్కడే. చాలా అన్యాయమైన మాట అది. తన చేతిలో లేనిదానికి ఆ బిడ్డ ఇంట్లోనూ బడిలోనూ తలదించుకుని తిరుగుతాడు. కొట్టకండి, నలుగురిలో అనకండి, ముందు పొట్ట చూపించడానికి తీసుకెళ్లండి. చాలాసార్లు డాక్టరు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టగానే ఆ ముద్ద తగులుతుంది.

• రోజూ వెళ్లకపోతే మలబద్ధకమేనా? కాదు. రోజు విడిచి రోజు మెత్తగా, నొప్పి లేకుండా వెళ్లే బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి పేగు ఇబ్బందుల్ని గుర్తించడానికి వైద్యులు వాడే, 2016లో వెలువడిన రోమ్ ప్రమాణాల ప్రకారం వారానికి రెండుసార్లు లేదా అంతకన్నా తక్కువ వెళ్లడం, బిగబట్టడం, గట్టిగా నొప్పిగా రావడం, మరుగుదొడ్డికి అడ్డుపడేంత లావుగా రావడం, చెడ్డీలో పోవడం, పురీషనాళంలో పెద్ద ముద్ద ఉండడం, వీటిలో కనీసం రెండు లక్షణాలు నెల రోజులుగా ఉంటేనే మలబద్ధకం అంటారు. రోజూ వెళ్తూనే కొంచెం కొంచెంగా రాలుతున్న పిల్లలకూ మలబద్ధకం ఉండొచ్చు.

• ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు 1997లో మలం తీరును ఏడు బొమ్మలుగా గీసి పెట్టారు. మొదటి బొమ్మ అచ్చం మేక పెంటికల్లా ఉంటుంది. నోటితో చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు కూడా బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తారు.

• సమస్య ఎక్కువగా మూడు మలుపుల్లో మొదలవుతుంది: పాలనుంచి అన్నానికి మారేటప్పుడు, మరుగుదొడ్డి అలవాటు చేసేటప్పుడు, బడిలో చేర్చేటప్పుడు. కాబట్టి "ఎన్నాళ్లుగా?" అన్న ప్రశ్న పక్కనే "అప్పుడు ఇంట్లో ఏం జరిగింది?" అన్నదీ ఉండాలి. తమ్ముడో చెల్లో పుట్టడం, ఊరు మారడం, ఇంట్లో గొడవలు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మలద్వారాన్ని చూడబోతేనే బిడ్డ విపరీతంగా బెదిరిపోతే, ఎవరైనా చేయరాని పని చేశారేమో అని కూడా ఆలోచించాలి. కష్టమైన ప్రశ్నే, కానీ పెద్దవాళ్లు తప్పించుకోకూడదు.

• తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ, మొదటి కొన్ని వారాలు దాటాక, వారం రోజులపాటు వెళ్లకపోయినా మెత్తగానే వస్తూ, బరువు పెరుగుతూ ఉంటే భయం లేదు. అలాగే నెలల బిడ్డ పది నిమిషాలు ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగా వెళ్తే అది మలబద్ధకం కాదు. పొట్ట బిగించడం, కింద వదలడం రెండూ ఒకేసారి చేయడం ఇంకా రాలేదు, అంతే. తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టడం, సబ్బుముక్క పెట్టడం మన ఇళ్లలో పెద్దలు ప్రేమతో చేసే పనులే. కానీ బిడ్డ తనంతట తాను నేర్చుకోవాల్సిన దానికి అవి అడ్డుపడతాయి. సబ్బు లోపలి పొరను మండిస్తుంది కూడా.

• ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక సూక్ష్మజీవి వల్ల శిశువులకు బోట్యులిజం అనే జబ్బు రావచ్చు. అరుదైనదే, కానీ ప్రాణం మీదికి తెస్తుంది. దాని తొలి లక్షణం తరచుగా మలబద్ధకమే. తర్వాత పాలు చప్పరించే బలం తగ్గుతుంది, మెడ వాలిపోతుంది, ఏడుపు సన్నగిల్లుతుంది.

• పదేళ్ల పిల్లవాణ్ని తీసుకెళ్లినా, పుట్టిన మొదటి రెండు రోజుల గురించి డాక్టరు ఎందుకు అడుగుతారో తెలుసా? నెలలు నిండి పుట్టిన బిడ్డలు దాదాపు అందరూ 48 గంటల్లోపు నల్లగా, జిగటగా మొదటి మలం విసర్జిస్తారు. అది ఆలస్యమైందంటే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బును అనుమానించాలి. కోపెన్‌హేగన్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో బెర్లిన్‌లో జరిగిన వైద్యుల సభలో దీన్ని వివరించాడు. పెద్దపేగు చివరి భాగంలో కదలికను నడిపించే నాడీకణాలు పుట్టుకతోనే లేకపోవడం దీనికి మూలం. ఆ భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, పైభాగం ఉబ్బిపోతుంది. సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మరింత జాగ్రత్తగా చూడాలి. పురీషనాళం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలుతుంది, ఆపరేషన్‌తో సరిచేస్తారు. పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు పారేయకండి.

• మలబద్ధకం అని చెబితే డాక్టరు నడుము కింది భాగం, కాళ్లు కూడా చూస్తారు. అక్కడ లోతైన గుంట, వెంట్రుకల కుచ్చు, కాళ్లలో బలహీనత కనబడితే కారణం వెన్నుపాములో ఉండొచ్చు. మలద్వారం ఉండాల్సిన చోటుకన్నా ముందుకు జరిగి ఉందేమో కూడా చూస్తారు. బట్టలు విప్పకుండా, పొట్ట తాకకుండా సిరప్ రాసిచ్చి పంపితే పరీక్ష పూర్తికానట్టే.

• నెల లోపు వయసులోనే మొదలవడం, పచ్చగా వాంతులు, పొట్ట బాగా ఉబ్బడం, బరువు పెరగకపోవడం, జ్వరం, చీలిక లేకుండానే రక్తం పడడం కనిపిస్తే ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు.

• పాలు కూడా కొందరిలో కారణమే. 1998లో ఇటలీ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మొండి మలబద్ధకం ఉన్న 65 మంది పిల్లల్లో 44 మందికి ఆవుపాలు ఆపి సోయాపాలు ఇచ్చినప్పుడు గుణం కనిపించింది. ప్రత్యేక వైద్యుల దగ్గరికి వచ్చిన పిల్లలు వాళ్లు. అందరికీ ఈ లెక్క వర్తించదు. మామూలు చికిత్సకు లొంగనప్పుడు డాక్టరు సలహాతో రెండు నుంచి నాలుగు వారాలు ఆవుపాలు, వాటితో చేసినవి ఆపి చూడొచ్చు. సొంతంగా పాలు మాన్పించేస్తే ఎదిగే బిడ్డకు నష్టం.

• థైరాయిడ్ తక్కువగా ఉండడం, గోధుమ పడని సీలియాక్ జబ్బు, కోడీన్ కలిసిన దగ్గుమందు కూడా మలబద్ధకం తేవచ్చు. ఎత్తు పెరగకపోవడం, మందకొడితనం వంటి లక్షణాలు ఉంటేనే థైరాయిడ్, సీలియాక్ పరీక్షలు అవసరం. అందరికీ పొట్ట ఎక్స్‌రే తీయాల్సిన పని కూడా లేదని 2014 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి.

• పక్క తడిపే పిల్లల్లోనూ, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లల్లోనూ మలబద్ధకం ఉందేమో చూడాలి. నిండిన పురీషనాళం మూత్రాశయాన్ని నొక్కుతుంది.

• అరటిపండు, ఆకుకూర, నీళ్లు మంచివే. కానీ లోపల ముద్దకట్టాక అవి మాత్రమే సరిపోవు. ముందు పాలీఎథిలీన్ గ్లైకాల్ వంటి మందుతో ఖాళీ చేయించి, తర్వాత కనీసం రెండు నెలలు కొనసాగిస్తారు. "అలవాటైపోతుంది" అన్న భయంతో వారానికే ఆపేయడం వల్లే చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది.

• తిన్నాక పెద్దపేగు కదలిక పెరుగుతుంది. అందుకే భోజనం తర్వాత అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టమంటారు. వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేయాలి.

• ఉదయం ఏడింటికే బస్సెక్కే పిల్లకు తీరిగ్గా కూర్చునే సమయమే ఉండదు. బడిలో గడియ లేని తలుపు, నీళ్లు రాని కుళాయి, "ఇప్పుడే వెళ్లావుగా" అనే టీచరు ఉంటే సాయంత్రం దాకా బిగబట్టడమే నేర్చుకుంటుంది. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం కూడా మానేస్తుంది. తల్లిదండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల కాగితం చూసేముందే పిల్లల మరుగుదొడ్డి చూడండి. నీళ్లు, గడియ లేకపోతే అక్కడే అడగండి. టీచరమ్మలూ, మాస్టార్లూ, చెయ్యెత్తి అడిగిన బిడ్డను దయచేసి వెంటనే పంపండి.