నడినెత్తిన అద్దం

పట్టపగలు నెల్లిమర్లలో మీడియంవేవు రేడియో తిప్పితే దగ్గరి స్టేషన్లే పలుకుతాయి. పొద్దుగూకిందో లేదో, ఎక్కడెక్కడి పాటలో గరగరమంటూ వచ్చిపడతాయి. మహిమ పెట్టెలో లేదు, నడినెత్తిన ఉంది.

ఎండధాటికి పైగాలిలోని అణువులు చిట్లి విద్యుత్తు నిండిన పొరలవుతాయి, అదే అయనావరణం. 60–90 కిలోమీటర్ల ఎత్తునున్న అడుగుపొర పగలు మీడియంవేవును మింగేస్తుంది. రాత్రి అది కరిగిపోగా, పైపొరలు తరంగాలను అద్దంలా కిందికి తిప్పుతాయి.

వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఆచార్య బి. రామచంద్రరావుగారు 1950లలోనే ఈ పొరల పరిశోధనకు పునాది వేశారు. పద్ధతి చూడండి: నిట్టనిలువునా రేడియోకేక వేసి ప్రతిధ్వనికి చెవి ఒగ్గడమే! 300 కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావడానికి దానికి పట్టేది సెకనులో 500వ వంతు.

సూర్యుడిమీద పెనుమంట లేచిందా, అడుగుపొర చిక్కబడి పగటి షార్టువేవు కూడా మూగబోతుంది. నడిసముద్రంలో రేడియోనే నమ్ముకున్న ఓడకు అది ఆటకాదు.