ఒకే కడలి, రెండు గాలులు

విశాఖపట్టణపు రేవు విడిచిన అండమాను ఓడ డాల్ఫిన్ నోస్ కొండను దాటి బయటి సముద్రమున ప్రవేశించు వేళకు, దానిలోని మనవారు ఆవకాయ జాడీలు ఒరగకుండ గోనెసంచుల నడుమ సర్దుకొని, రెండు దినములకు పైబడిన నీటి ప్రయాణమునకు సిద్ధపడి కూర్చుందురు. 2024లో శ్రీ విజయపురమని నామాంతరము పొందిన పోర్టు బ్లెయరు నగరమునకు ఇచటినుండి దూరమెంత?

ఇంటనున్న గోళముపై ఈ రెండు ఊళ్ల నడుమ నూలుపోగును బిగియబట్టి చూచినచో, అది తనంతట తానే అతి హ్రస్వమార్గమున నిలుచును. దాని నిడివి సుమారు 1,225 కిలోమీటర్లు, అనగా 660 నాటికల్ మైళ్లు. చదునైన పటములు ఈ విషయమున నమ్మదగినవి కావు. ఏలయన భూమధ్యరేఖ యొద్ద 111 కిలోమీటర్లుండు ఒక డిగ్రీ రేఖాంశపు వెడల్పు మన సముద్రముపై 107కు తగ్గి, 60 డిగ్రీల ఉత్తరమున నున్న మంచు పట్టణముల యొద్ద సగమే యగును. ఆ ఊళ్ల నడుమ పటముపై కన్పట్టు దూరమును నమ్మినవాడు మిక్కిలి మోసపోవును. మనము కొంచెమే మోసపోదుము.

గంటకు 12 నాటికల్ మైళ్లు సాగు ఓడకు ఈ దూరము 55 గంటల పని. గంటకు 800 కిలోమీటర్ల వేగముగల విమానమునకు, ఎగయుటకును దిగుటకును పట్టు జాగును విడిచినచో, 92 నిముషములు. అయితే ఈ లెక్క గాలి కదలనప్పటిది, గాలియో కదలకుండదు.

ఆషాఢ శ్రావణములందు నైరృతి పవనము ఓడను కుడిప్రక్కను తాకి ఊయలవలె ఊపుచుండగా, అదే సమయమున, అదే కడలిపై, పదునొకండు కిలోమీటర్ల ఎత్తున గాలి తూర్పునుండి వీచుచుండును! టిబెట్టు పీఠభూమి వేసవిలో వేడెక్కుటచే ఉత్తరపు గగనము దక్షిణపు గగనముకన్న వెచ్చనై, ఆ తారతమ్యమువలన పైయెత్తులందు తూర్పుగాలి ప్రవాహము పుట్టును. ఉష్ణమండలపు ఈ తూర్పు జెట్ ప్రవాహమును 1958లో విపులముగా వర్ణించినవాడు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతియైన పి. కోటేశ్వరము. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములందు ఇంతకంటె పెద్ద అక్షరములతో ఉండవలసినదని నా దృఢాభిప్రాయము.

ఆ గాలి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో సరిగా ఎదురైనదనుకొందము. పోవు విమానమునకు 99 నిముషములు పట్టును, మరలివచ్చునప్పుడు 86 లోపే చాలును. పోయినపుడు కోల్పోయినది వచ్చునపుడు పూర్తిగా చేతికి రాదు, ఒక నిముషము నష్టమే మిగులును. ఎదురుగాలిలో గడపిన కాలమే హెచ్చు గనుక.

ఈ దూరమును అందరికంటె వేగముగా దాటువాడు సూర్యుడు. రెండు ఊళ్లకు రేఖాంశమున భేదము తొమ్మిదిన్నర డిగ్రీలు. డిగ్రీకి 4 నిముషముల చొప్పున 38 నిముషములు. గడియారములు మాత్రము రెండు చోట్ల ఒక్కటే. కావున పగలు రేయి సమానమగు విషువద్దినమున, విశాఖలో తల్లి మసక వెలుతురులో వాకిట కల్లాపి చల్లుచుండగా, పోర్టు బ్లెయరులో కుమార్తె ముంగిట అప్పటికే ఎండ పడియుండును.