వెనక్కి నడవడం నేర్చుకున్న బ్రేకు

బరంపురం గేట్ బజార్ లాంటి ఇరుకు బజారులో ట్రాలీ తగిలించిన బండిని వెనక్కి తేవడం చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. కిందనుంచి ఎవరో ఒకరు "రానీ, రానీ, ఆపు!" అని అరుస్తూ ఉంటేనే పని జరుగుతుంది. ఆ ట్రాలీ మీద ఉన్నది ఇటుకలో, ధాన్యమో కాక పడవ అయితే కష్టం ఇంకా ఎక్కువ. పడవ పొడుగు బండి చివర దాటి బయటికి వస్తుంది, డ్రైవరుకు వెనక ఏముందో కనబడదు.

బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ ఒడ్డున ఉన్న మత్స్యకారుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. కొబ్బరితాడుతో కుట్టిన చెక్క పడవల కాలం పోయి ఫైబరు బోట్లు వచ్చాయి. ఇసుక మీద బోటును జనమే తోస్తారు గానీ, ఊరు దాటించాలంటే లారీయో ట్రాక్టరు ట్రాలీయో కావాలి. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. ట్రాక్టరు వెనక చక్రాలే రెండు బండ్ల బరువునూ ఆపాలి. బోటూ ట్రాలీ కలిపి ఒక టన్ను అనుకుందాం. డ్రైవరు ఓ మోస్తరు గట్టిగా బ్రేకు తొక్కితే, అంటే వేగం సెకనుకు సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గితే, వెనక బండి హుక్కు దగ్గర దాదాపు 300 కిలోల బలంతో ముందు బండిని తోస్తుంది. దిగుడులో ఎద్దుబండి కాడి ఎడ్ల మెడల మీదికి తోసుకొచ్చినట్టే. తడిరోడ్డు మీద, మలుపులో ఈ తోపుడుకే బండ్లు రెండూ చాకు మడతలా ముడుచుకుపోతాయి.

ఆ తోపుడునే బ్రేకుగా వాడుకోవచ్చునన్నది ట్రాలీకి సొంతంగా అమర్చే ఒక రకం బ్రేకుకు మూలమైన ఆలోచన. నాకు ఇది మోటారు యుగంలో వచ్చిన అందమైన ఆలోచనల్లో ఒకటిగా తోస్తుంది. ట్రాలీ ముందుభాగంలో, హుక్కు పట్టుకునే కడ్డీని ఒక గొట్టంలో జారేలా అమరుస్తారు. ముందు బండి నెమ్మదించగానే వెనక బండి ముందుకు తోసుకొస్తుంది, కడ్డీ లోపలికి జారుతుంది, లోపల ఉన్న మాస్టర్ సిలిండరు పిస్టనును నొక్కుతుంది. బ్రేకు ఆయిల్లో పుట్టిన ఒత్తిడి సన్నని పైపుల్లోంచి చక్రాలకు చేరి షూలను విప్పుతుంది. ముందు బండి బ్రేకు పెడలుకూ ట్రాలీకీ మధ్య పైపు గానీ వైరు గానీ అక్కర్లేదు. బరువు ఎక్కువైతే తోపుడు ఎక్కువ, బ్రేకు గట్టిగా పడుతుంది. ట్రాలీ తనంతట తాను ఆగడం మొదలుపెట్టగానే తోపుడు తగ్గుతుంది, బ్రేకూ సడలుతుంది. లెక్క చూసుకునే మనిషి లేకుండానే లెక్క కుదిరిపోతుంది. దీన్ని ఓవర్‌రన్ బ్రేకు అనీ, అమెరికాలో సర్జ్ బ్రేకు అనీ అంటారు.

ఇందులో ద్రవం పనిచేసేది 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం ప్రకారం. ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుంది. దాన్ని మోటారు బండి చక్రాలకు తెచ్చినవాడు అమెరికాకు చెందిన మాల్కమ్ లాకీడ్. ఆయన పేటెంటు 1917 నాటిది. నాలుగు చక్రాలకూ అలాంటి బ్రేకులున్న డ్యూసెన్‌బర్గ్ కారు 1921లో వచ్చింది. కాలు నొక్కాల్సిన చోట బండి తోపుడును పెట్టడం దాని తరవాతి మెట్టు.

పడవలకు ఈ బ్రేకు ఎందుకు అంత నచ్చిందంటే, పడవను నీళ్ళలోకి దించడానికి ట్రెయిలరు చక్రాలు కూడా నీళ్ళలో మునగాలి. చక్రాల్లో విద్యుదయస్కాంతం పెట్టి ఆపే కరెంటు బ్రేకులు ఉప్పునీటిలో ఎక్కువకాలం బతకవు. ఆయిల్‌తో నడిచే బ్రేకుకు ఆ బెడద తక్కువ.

కానీ దానికి పుట్టుకతో ఒక గుడ్డితనం ఉంది. దానికి తెలిసింది తోపుడు ఒక్కటే. ముందు బండి ఆగుతోంది కాబట్టి తాను తోసుకొస్తున్నానా, లేక ముందు బండే తనను వెనక్కి తోస్తోందా అన్నది దానికి తెలియదు. రెండిట్లోనూ కడ్డీ లోపలికే జారుతుంది. రివర్సు గేరు వేసి కాస్త ఎత్తు మీదికో, ఇసుకలోకో తోశామంటే ట్రెయిలరు చక్రాలు బిగుసుకుపోతాయి. ఇంజను మూలుగుతుంది, బండి కదలదు. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా పట్టుకుంటుంది.

దీనికి మొదట దొరికిన మందు ఒక మేకు. డ్రైవరు దిగి వచ్చి, కడ్డీ జారకుండా అడ్డంగా ఒక పిన్ను పెట్టి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ దిగి తీయాలి. తీయడం మరిచిపోతే ఇక ముందుకు పోయేటప్పుడు బ్రేకే ఉండదు. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడ్డ ఏ భద్రతనూ నేను నమ్మను. బ్రిటన్ కూడా నమ్మలేదు. 1989 ఏప్రిల్ నుంచి తయారయ్యే ఇలాంటి ట్రెయిలర్లకు, వెనక్కి తిరిగేటప్పుడు వాటంతటవే వదిలే బ్రేకులు ఉండాలని నియమం పెట్టింది.

ఆ వదలడం చక్రంలోని బ్రేకు డ్రమ్ములోనే జరుగుతుంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు డ్రమ్ము షూను తనతోపాటు ఈడ్చి ఇంకా బిగిస్తుంది. వెనక్కి తిరిగితే ఈడ్చే దిక్కు మారుతుంది. ఒక షూ కాలును కదలని మొల మీద కాకుండా, చిన్న జారుడు పీట మీద నిలబెట్టారు. చక్రం వెనక్కి తిరగగానే డ్రమ్ము ఆ షూను వ్యతిరేక దిశలో లాగుతుంది, పీట ఒరుగుతుంది, షూ లోపలికి ముడుచుకుని పట్టు వదిలేస్తుంది. దిక్కు తెలుసుకునే తెలివిని తిరిగే చక్రం దగ్గరే పెట్టారన్నమాట. అయితే ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు వేసి నిలబెట్టిన ట్రెయిలరు వెనక్కి జారబోతే, ఇదే తెలివి ఆ బ్రేకును కూడా వదిలేస్తుంది! అందుకని హ్యాండ్‌బ్రేకు లివరుకు బలమైన స్ప్రింగు తగిలించారు. బండి కొద్దిగా జారినా, ఏర్పడిన వదులును స్ప్రింగు లాగి మళ్ళీ బిగిస్తుంది.

డిస్కు బ్రేకులు వచ్చాక ఈ ఉపాయం పనికిరాలేదు. డిస్కుకు ముందూ వెనకా ఒక్కటే. అక్కడే కరెంటు వైరు కథలోకి వచ్చింది. ఆయిల్ పైపు మధ్యలో ఒక సోలినాయిడ్ వాల్వు పెట్టారు. కారు రివర్సు లైటు వెలిగినప్పుడు దానికీ కరెంటు అందుతుంది, వాల్వు మూసుకుంటుంది, ఆయిల్ చక్రాలకు చేరదు. అమెరికన్ ట్రెయిలర్లలో మామూలుగా నాలుగు వైర్లు ఉంటాయి: తెలుపు ఎర్తు, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు. రివర్సు కోసం ఐదోది చేరింది, తరచుగా నీలం రంగులో.

ఈ వాల్వులో నాకు నచ్చినది దాని మామూలు స్థితి. కరెంటు లేకపోతే అది తెరిచే ఉంటుంది. వైరు తెగినా, ఫ్యూజు పోయినా ముందుకు వెళ్ళేటప్పుడు బ్రేకు భద్రంగా పనిచేస్తుంది, రివర్సులో మాత్రం మొరాయిస్తుంది. వెస్టింగ్‌హౌస్ 1872లో రైళ్ళకు తెచ్చిన ఆటోమేటిక్ గాలి బ్రేకులోనూ ఇదే బుద్ధి. గొట్టం తెగితే పెట్టెలు ఆగాలి గానీ పారిపోకూడదు. అదే ఐదో వైరును తెలియక స్టాప్ లైటు వైరుకు కలిపేస్తే మాత్రం ఘోరం. పెడలు తొక్కిన ప్రతిసారీ వాల్వు మూసుకుని ట్రెయిలరు బ్రేకును చంపేస్తుంది. గోధుమరంగు వైరుకు కలిపితే పగలు బాగానే ఉండి, రాత్రి దీపాలు వేయగానే బ్రేకు మాయమవుతుంది.

రివర్సులో చక్రాలు పట్టేసినప్పుడు మంచి మెకానిక్ ముందు స్పానరు పట్టుకోడు. ఇంజను ఆపి, తాళంచెవి ఆన్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి, రివర్సు గేరు వేయించి హుక్కు దగ్గర చెవి పెడతాడు. వాల్వు "టక్" మంటే కరెంటు వస్తోందని అర్థం. అప్పుడు లోపం వాల్వు లోపలిదో, తుప్పుకు ఇరుక్కున్న కడ్డీదో, షూలదో. చప్పుడు లేకపోతే కారు సాకెట్టులోని ఐదో పిన్నుకు టెస్ట్ లాంపు పెడతాడు. అక్కడ లాంపు వెలగకపోతే జబ్బు కారుది. వెలిగితే ట్రెయిలరుది, ముందు అనుమానించాల్సింది ఎర్తును. తెల్లవైరును ఛాసిస్‌కు బిగించిన చోట స్క్రూ విప్పి చూస్తే పచ్చని చిలుము, దాని కింద తుప్పు పొడి. కొందరు ఎర్తు వైరు లేకుండా హుక్కు బంతినే నమ్ముకుంటారు. గ్రీజు పూసిన బంతి మీదుగా కరెంటు సరిగా పోదు. ఒకవైపు ఇండికేటరు వేస్తే రెండోవైపు దీపం మసకమసకగా వెలిగిందంటే కరెంటు దారితప్పి తిరుగుతోందని తెలుసుకోవాలి. ఉక్కును రుద్ది మెరిపించి, తగరం పూసిన రాగి వైరు వేసి, పైన గ్రీజు రాస్తే చాలా సమస్యలు అక్కడే పోతాయి.

రేవు దగ్గర ఇంకో చిక్కు. వేడెక్కిన బల్బు చల్లని నీళ్ళలో మునిగితే పగులుతుందని, దిగేముందు ప్లగ్గు పీకడం పాత అలవాటు. ప్లగ్గుతోపాటు వాల్వు కరెంటూ పోతుంది. వాలులో దిగేటప్పుడు పడవ బరువే లాగుతుంది కాబట్టి తేడా తెలియదు. ఇసుక అడ్డుపడి, తోయాల్సి వచ్చినప్పుడే చక్రాలు పట్టేస్తాయి. నీళ్ళు చొరని ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ప్లగ్గు పీకే పని తప్పింది. బ్రేకు ఆయిల్ సంగతీ చూడాలి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తలో 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది.

ఇప్పుడు తోపుడునే నమ్ముకోని రకం కూడా వచ్చింది. కారు బ్రేకు సంకేతం అందుకుని, ట్రెయిలరు మీదున్న చిన్న మోటారు పంపు ఆయిల్‌ను నొక్కుతుంది. వెనక్కి పోయినా ముందుకు పోయినా పెడలు తొక్కితేనే పట్టుకుంటుంది. హుక్కు ఊడిపోతే ఒక తీగ లాగబడి, ట్రెయిలరు సొంత బ్యాటరీతో బ్రేకు వేసుకుంటుంది. ధర ఎక్కువ, వైర్లు ఎక్కువ, ఎర్తు పని మాత్రం పాతదే. మన బోటు ట్రాలీలకు ఇంత అక్కర్లేదు. జారుడు కడ్డీ, వెనక్కి వదిలే డ్రమ్ము, ఉప్పు కడగడానికి బకెట్టెడు మంచినీళ్ళు చాలు. ఆ కాస్త కూడా లేకుండా టన్ను బరువును గోపాల్‌పూర్ రోడ్డు మీదికి తేవడం ఆగాలి.