సముద్రం తొలిచిన రాయి

రాళ్ళంటే మా చిన్నకోడూరు వాళ్ళకు కొత్తేమీ కాదు. ఎటు చూసినా గుట్టలే. బండమీద బండ ఎవరో తెచ్చి పేర్చినట్టు ఉంటుంది. మా మండలంలో చంద్లాపూర్ దగ్గర 2020లో నీళ్ళు వదిలిన రంగనాయకసాగర్ నడుమ కూడా ఒక గుట్ట ఉన్నది. అందుకే "అమ్మా, విశాఖలో ఒక రాయి చూడాలి" అని మా అమ్మాయి పట్టుబడితే నాకు నవ్వొచ్చింది. రాయి చూడటానికి అంతదూరమా!

విశాఖనుంచి భీమునిపట్నం పోయే సముద్రపు రోడ్డుమీద, తొట్లకొండకు ఎదురుగా మంగమారిపేట ఒడ్డున ఉన్నది ఆ రాయి. తోరణంలా వంగి, నడుమ ఖాళీగా ఉంటుంది. నడిచి వెళ్ళీ చూడవచ్చు. మేము మాత్రం చిన్న తెరచాప పడవ మాట్లాడుకున్నాము. సముద్రంలోనుంచి చూస్తేనే, అల ఎటునుంచి వచ్చి ఎక్కడ కొడుతున్నదో తెలిసింది.

ఒడ్డున రాయి ముందుకు పొడుచుకు వచ్చినచోట, లోతు తగ్గి అలలు దానిచుట్టూ వంగుతాయి. అంటే దెబ్బ పక్కలనుంచి కూడా పడుతుందన్నమాట. రాతిలో పగుళ్ళు ముందే ఉంటాయి. అల కొట్టినప్పుడు పగులులోని గాలి నొక్కుకుపోయి, అల వెనక్కి పోగానే ఒక్కసారిగా విడుదలవుతుంది. ఇసుకా గులకరాళ్ళూ, మనం గిన్నెలు తోమినట్టు, రాతిని తోముతూనే ఉంటాయి. పగులు గుహ అవుతుంది. గుహ అవతలికి తూటు పడితే తోరణం. ఏదో ఒకనాటికి పైకప్పు కూలి ఒంటిస్తంభం మిగులుతుంది. మా ఊరి బండలు ఎండకూ వానకూ పైనుంచి పొరలు రాలి గుండ్రబడ్డాయి. ఇక్కడ సముద్రం కిందనుంచి తింటున్నది.

అమ్మాయిని తోరణం పక్కగా పెట్టి ఫోటో తీయాలని నా ఆశ. ఇంకాస్త దగ్గరికి పోనిమ్మన్నాను.

"వద్దమ్మా, రాయి కాడికి పడవ ఎల్లనివ్వను. అల లేసిందంటే మనల్ని దానికేసి కొట్టేస్తాది" అన్నాడు పడవతను.

డబ్బిచ్చాము కదా, ఇదేమిటని నాకు లోపల కోపమే. అంతలో ఒక అల తోరణంలోకి దూరి, మనిషెత్తున నురుగై లేచింది. ఇక నేను నోరెత్తలేదు.

అక్కడినుంచి భీమిలివైపు సాగితే ఎర్రమట్టి దిబ్బలు. అవి రాళ్ళు కావు, వేల ఏళ్ళుగా పోగుపడిన ఇసుక. ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. తూర్పు కనుమల ఖొండలైటు రాతిలోని గార్నెట్ గింజలు కూడా అందులో ఉంటాయి. మన ఉంగరాల్లోని గోమేధికం ఆ జాతిదే! ఈ ఇసుకను వానలే కోసి లోయలు చేశాయి. వాన కోసేదాన్ని యంత్రం ఒక్క పూటలో చదును చేయగలదు. భూవిజ్ఞాన సర్వే 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా ప్రకటించినా, 2024లో అక్కడ తవ్వకాలు జరిగి పెద్ద గొడవైంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

మీరు వెళితే చలికాలంలో, ఆటు సమయంలో వెళ్ళండి. రాళ్ళమీద నాచు ఉంటుంది, నున్నటి చెప్పులు పనికిరావు. పడవలో లైఫ్‌జాకెట్ తప్పనిసరి. చీరమీద అదేమి వేషమని నేను మొదట సణిగాను. ఆ నురుగు చూశాక దాని పట్టీ నేనే ఇంకొంచెం బిగించుకున్నాను.