కోత పడిన నిలువెత్తు బొమ్మ

1876 మే 25 రాత్రి. లండన్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లోని ఆగ్న్యూ చిత్రశాలలోకి ఆడమ్ వర్త్ అనే దొంగ కిటికీ గుండా దూరాడు. ఒక బొమ్మను చట్రం నుంచి కోసి, చుట్టచుట్టి పట్టుకుపోయాడు. మూడు వారాల కిందటే క్రిస్టీస్ వేలంలో 10,100 గినీలు పలికిన బొమ్మ అది. అంతవరకూ ఏ వేలంలోనూ ఏ చిత్రానికీ అంత ధర రాలేదు. తలమీద పే...ద్ద టోపీ, ఓరచూపు, చేతిలో గులాబీ మొగ్గ. గీసినవాడు థామస్ గెయిన్స్‌బరో. బొమ్మలో ఉన్నావిడ జార్జియానా, డెవన్‌షైర్ డచెస్.

ఆ బొమ్మకు అది మొదటి కోత కాదు. మొదట అది నిలువెత్తు చిత్రం. డెవన్‌షైర్ వారి చాట్స్‌వర్త్ భవనం నుంచి ఎలాగో మాయమై, 1830ల్లో ఒక పంతులమ్మ ఇంట్లో తేలింది. చలిమంట గూటి పైన పట్టడం లేదని ఆవిడ కాళ్ల భాగం కోయించేసింది.

జార్జియానా బతుకూ ఇంచుమించు అంతే. ఎవరి గోడకు తగ్గట్టు వాళ్లు ఆమెను కోశారు.

1757 జూన్ 7న స్పెన్సర్ వంశంలో పుట్టింది. ప్రిన్సెస్ డయానాదీ ఆ వంశమే. పదిహేడేళ్లు నిండే రోజుల్లో ఐదవ డెవన్‌షైర్ డ్యూక్‌తో పెళ్లయింది. ఆయన ముభావి. ఆమె నలుగురిలో వెలిగే మనిషి. ఆమె తలలో ఈక పెడితే లండన్ ఆడవాళ్లంతా పెట్టారు. పేకాటలో మాత్రం భర్తకు చెప్పుకోలేనంత అప్పు చేసింది.

1784 వెస్ట్‌మినిస్టర్ ఎన్నికల్లో రాజకీయ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ కోసం వీధివీధీ తిరిగి ఓట్లడిగింది. ఆడవాళ్లకు ఓటే లేని కాలమది. ముద్దులిచ్చి ఓట్లు కొంటోందని పుకారు పుట్టించి, వ్యంగ్య చిత్రకారులు ఆమెను నీచంగా గీశారు. ఫాక్స్ గెలిచాడు. నింద ఆమెకు మిగిలింది. ఇది అన్యాయం, అప్పుడూ ఇప్పుడూ.

నన్ను నిలబెట్టేసే చిత్రం వేరే ఉంది. జాషువా రేనాల్డ్స్ గీసినది. ఒళ్లో పసికూతురు రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొడుతోంది. తల్లి చెయ్యెత్తి ఆడిస్తోంది. బిడ్డలను పాలదాదులకు అప్పగించే ప్రభు కుటుంబాల్లో ఆమె తన పాలే ఇచ్చి పెంచిన బిడ్డ ఆ పాప. ఇందులో టోపీ గొప్ప లేదు, ఓరచూపు లేదు. అమ్మ ఉంది.

ఆ అమ్మకే తర్వాత అతి కఠినమైన తీర్పు పడింది. ప్రేమికుడు చార్లెస్ గ్రే వల్ల గర్భవతి అయినప్పుడు డ్యూక్ ఒకటే మాటన్నాడు: గ్రేనూ పుట్టబోయే బిడ్డనూ వదులుకో, లేదా ఉన్న ముగ్గురు పిల్లల ముఖం మళ్లీ చూడకు. డ్యూక్‌కు లేడీ ఎలిజబెత్ ఫాస్టర్‌తో ఉన్న సంబంధాన్ని అదే ఇంట్లో ఆమె ఏళ్ల తరబడి భరిస్తోంది. ఆయనను అడిగినవాళ్లు లేరు. ఆమె ఫ్రాన్స్ వెళ్లి 1792లో ఎలైజాను కన్నది. గ్రే తల్లిదండ్రులకు అప్పగించింది. ఆ గ్రే 1830లో బ్రిటన్ ప్రధాని అయ్యాడు. జార్జియానా 1806లో, 48 ఏళ్లకే కన్నుమూసింది.

దొంగ ఎత్తుకుపోయిన బొమ్మ 25 ఏళ్లకు, 1901లో షికాగోలో బయటపడింది. అమెరికా బ్యాంకరు జె.పి. మోర్గన్ కొన్నాడు. 1994లో డెవన్‌షైర్ వారే వేలంలో కొని చాట్స్‌వర్త్‌కు తెచ్చుకున్నారు. రేనాల్డ్స్ చిత్రం కూడా వారి దగ్గరే ఉంది. ఎప్పుడైనా ఇంగ్లండ్ వెళ్లి డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ దాకా పోగలిగితే, టోపీ బొమ్మ ముందు కాసేపు ఆగండి. తల్లీకూతుళ్ల బొమ్మ ముందు మాత్రం ఎక్కువసేపు నిలబడండి.