కార్యాలయపు కంప్యూటరునకు స్వేచ్ఛావ్యవస్థ

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు సాధారణముగా లభించు భద్రతాసవరణలు నిలిచిపోయినవి. తరువాతిదగు విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతాసాధనమును, కొత్త తరపు ప్రాసెసరును కావలెను. అందుచే చక్కగా పనిచేయుచున్న యంత్రములు సైతము వెలియైనవి. అట్టి యంత్రము నమ్మి సికింద్రాబాదు పార్కులేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరులో వేరొకటి కొనుట యొక మార్గము. యంత్రమును నిలుపుకొని వ్యవస్థను మార్చుట రెండవది. ఈ రెండవదానిని గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాను.

నిర్వాహక వ్యవస్థ యనగా కీబోర్డు, తెర, ముద్రణయంత్రము, దస్త్రములు మున్నగువాని నన్నిటిని నడపు మూలకార్యక్రమము. కొన్ని వ్యవస్థల నిర్మాణలిపి వానిని చేసిన సంస్థ యొద్దనే గోప్యముగా నుండును. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు అట్టిది కాదు. దాని నెవరైనను చదువవచ్చును, మార్పవచ్చును, పంచవచ్చును. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగు మాటలతో నడచు లినక్సును వెలువరించిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య యిట్టి వ్యవస్థపైననే సాగుచున్నది.

మన కార్యాలయములలో అసలు చిక్కు యంత్రమందు లేదు, తెలుగు దస్త్రములందు గలదు. ఉత్తరములును ప్రశ్నపత్రములును బహుకాలము పేజిమేకరులో 'అను' ఖతులతో (అను యనునది వాని పేరే) కూర్చబడినవి. ఆ పాత ఖతులలో ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుగు అక్షరఖండములు నిలుపబడియుండును. ఖతి లేనిచో తెరపై అర్థములేని గుర్తులే కనబడును. విద్యార్థి పేరు వెదకినను దొరకదు. యూనికోడు పద్ధతిలోనన్నచో 'క'కు 3093, పొల్లునకు 3149, 'ష'కు 3127 సంఖ్యలు. ఈ మూడును వరుసగా నున్న 'క్ష' యగును. ఏ దేశమందలి యే యంత్రమైనను దీని నిట్లే గ్రహించును.

కావున వ్యవస్థకంటె ముందు దస్త్రములను మార్పవలెను. అందులకు పరివర్తకములు గలవు గాని, అవి యొత్తులను, విరామచిహ్నములను తప్పుట కలదు. పేర్లను, జన్మతేదులను ముద్రిత ప్రతితో సరిచూడక విడువరాదు. బదిలీపత్రమున నొక్క యొత్తు జారినను ఆ బాలిక కళాశాలలోను, కొలువులోను ఏండ్లతరబడి సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చును.

పిమ్మట దస్త్రములన్నిటికి రెండు ప్రతులు వేరువేరు డిస్కులలో దాచి, లినక్సు మింట్ వంటి వ్యవస్థను పెన్‌డ్రైవులో నెక్కించి, దానినుండియే యంత్రమును నడిపి చూడవలెను. అప్పటికి లోపలి డిస్కునం దేమియు మారదు. ముద్రణయంత్రము, స్కానరు, ఇంటర్నెట్టు పనిచేయుచున్నవో లేదో యా దినమే తెలియును. నాలుగు జీబీల స్మృతి గల యంత్రము చాలును. పత్రములకు లిబ్రెఆఫీసు, అక్షరములకు మండలి, రామభద్ర మున్నగు స్వేచ్ఛాఖతులు, టైపునకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉచితముగనే లభించును.

పేజిమేకరును, రుసుముల లెక్కల కుపయోగించు ట్యాలీయును లినక్సుకొరకు చేయబడినవి కావు. లినక్సుపై వానిని నెట్టుకొనివచ్చుటకంటె ఒక యంత్రమును పాత వ్యవస్థతోనే, ఇంటర్నెట్టునకు దూరముగా, ఉంచుట మేలని నా యభిప్రాయము. గుమాస్తాగారి సమ్మతి లేక మార్చిన కార్యాలయము వారము తిరుగకమునుపే పాతదారి బట్టును. వారికి ముందుగా నొకనెల అభ్యాస మీయవలెను. పరీక్షల మాసమున నీ పని మొదలుపెట్టరాదు. వేసవి సెలవులు తగిన కాలము.