విరాళం ఇస్తున్నారా? క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి

గార్ల (మహబూబాబాద్ జిల్లా): 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానను ఈ ప్రాంతం అంత తేలిగ్గా మర్చిపోలేదు. కేసముద్రం - ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఖమ్మంలో మున్నేరు కాలనీలను ముంచేసింది. అలాంటి టైమ్‌లో ఎవరికైనా సాయం చేయాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే వాట్సాప్ గ్రూపుల్లో విరాళాల మెసేజ్‌లు, క్యూఆర్ కోడ్‌లు వరుస కడతాయి.

ఇంతకీ ఎవరికి ఇవ్వాలి? గార్ల లాంటి ఊళ్లో చిన్న ఉద్యోగం చేసుకునేవాళ్లకు నెలకు 500 రూపాయలంటే తక్కువేం కాదు. ఆ డబ్బు నిజంగా పనికొచ్చే చోటికి వెళ్లాలంటే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది?

యూపీఐలో స్కాన్ చేయగానే స్క్రీన్‌పై ఒక పేరు కనిపిస్తుంది. మెసేజ్‌లో సంస్థ పేరుండి, అక్కడ మాత్రం ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. సంస్థ వివరాలను ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో వెతకొచ్చు. విరాళాలపై పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు ఉందా లేదా అన్నది ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. అయితే ఈ గుర్తింపు ఉన్నంత మాత్రాన పని బాగా జరుగుతోందని కాదు. వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు కూడా అడగండి. ఇవ్వడానికి వెనకాడే సంస్థకు మీరు కూడా డబ్బు ఇవ్వడానికి వెనకాడొచ్చు.

2. ఒక్క దాత మీదే నడుస్తోందా?

దీనికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 108 అంబులెన్స్ సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. వాటిని నడిపిన ఈఎంఆర్ఐ వెనక సత్యం రామలింగరాజు కుటుంబం ఉండేది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడటంతో ఈ సంస్థ భవిష్యత్తు ఏంటన్న ప్రశ్న వచ్చింది. ఆ తర్వాత జీవీకే గ్రూప్ ముందుకు రావడంతో సేవలు కొనసాగాయి. వందల మంది ఇచ్చే చిన్న మొత్తాలు ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒకరు తప్పుకున్నా పని ఆగదు.

3. మనం రోజూ వాడుతున్నా ఎవరూ పట్టించుకోనిది ఏది?

విరాళం అనగానే అన్నదానం, చదువు, వైద్యం గుర్తొస్తాయి. కానీ మన ఫోన్, బ్యాంక్ యాప్ వెనక కూడా విరాళాలతో నడిచే పని ఉంది. అదే ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకునే సాఫ్ట్‌వేర్.

2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ప్రపంచాన్ని వణికించింది. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ల భద్రతకు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన లోపం అది. అప్పటివరకు ఆ ప్రాజెక్టుకు అందిన విరాళాలు ఏడాదికి సుమారు 2 వేల డాలర్లే! లోపం బయటపడ్డాకే పెద్ద కంపెనీలు డబ్బుతో ముందుకొచ్చాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌లో దొంగదారి దొరికింది. దాన్ని చాలా ఏళ్లుగా దాదాపు ఒక్కరే ఖాళీ టైమ్‌లో చూసుకుంటూ వచ్చారు.

అందుకే పేరు మోసిన ప్రాజెక్టు కన్నా, మీరు ఆధారపడుతూ కూడా పట్టించుకోని దాన్ని వెతకండి. తెలుగు టైపింగ్, ఫాంట్లు, తెలుగులో సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే బృందాలు ఇలాంటివే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ ఈ కోవలోదే.

4. డబ్బు కావాలా, పని కావాలా?

వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ శాశ్వత నిధి 2021లోనే 10 కోట్ల డాలర్లకు చేరింది. కానీ 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాసేది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. అక్కడ మీ 500 రూపాయల కన్నా గార్ల గురించి ఆధారాలతో మీరు రాసే నాలుగు పేరాలే ఎక్కువ ఉపయోగపడొచ్చు.

పన్ను సంగతి కూడా చూసుకోండి

• విరాళాలపై పన్ను మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. సంస్థను బట్టి ఇచ్చిన మొత్తంలో సగానికి లేదా మొత్తానికి వర్తిస్తుంది. సీఎం సహాయనిధికి ఇచ్చే డబ్బుకు వంద శాతం ఉంటుంది.
• 2 వేల రూపాయలు దాటి నగదు రూపంలో ఇస్తే మినహాయింపు రాదు.
• రసీదుతో పాటు విరాళం ధ్రువపత్రం తీసుకోండి.
• విదేశీ సంస్థలకు ఇచ్చే విరాళాలకు ఈ మినహాయింపు ఉండదు. చాలా ఓపెన్ సోర్స్ ఫౌండేషన్లు అమెరికా, యూరప్‌లోనే ఉన్నాయి.

మరి 500 రూపాయలు ఎలా పంచాలి? పది చోట్ల యాభై చొప్పున పంచితే ఏ ఒక్క సంస్థ లెక్కలూ సరిగ్గా చూడలేం. ఒకటి మన చుట్టుపక్కల మనుషులకు పనికొచ్చేది, ఇంకోటి మనం రోజూ వాడుకునేది.. ఇలా రెండింటిని ఎంచుకుని, ప్రతి నెలా కొంచెం పంపండి. ఏడాదికోసారి లెక్కలు చూడండి. వరద వచ్చినప్పుడు అందరూ ఇస్తారు. నీళ్లు తీశాక కూడా నెలనెలా ఇచ్చేవాళ్లే ఏ సంస్థకైనా అసలు బలం.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. పన్ను నిబంధనలు మారుతుంటాయి కాబట్టి రిటర్న్ వేసే ముందు మీ ఆడిటర్‌ను సంప్రదించండి.)